చెవిటి కుక్కతో చేతిమాట



చెవిటివాని ముందు శంఖమూదితే, "ఏమిటి కొరుకుతున్నావు?" అన్నాడట అని మనకొక సామెత ఉంది. ఈ సామెత చెప్పుకున్నప్పుడల్లా మనం ఆ చెవిటివాణ్ణి చూసి నవ్వుతాం. కాని కాస్త ఆలోచించి చూడండి. ఆయనకి శంఖం వినబడలేదు, నిజమే. అయినా ఊదేవాడి చేతులూ, మూతీ, బుగ్గలూ అన్నీ శ్రద్ధగా చూశాడు కదా! చూశాడు గనకనే ఆ ప్రశ్న అడిగాడు. ఆయన కళ్ళకి అర్థమయ్యేటట్టు చెబుదామన్న ఊహ ఊదేవాడికి కలగలేదు, అంతే. ఈ పూట నేను మీతో ముచ్చటించబోయే సంగతి కూడా ఇలాంటిదే. చెవులు వినబడని కుక్క ఇంట్లో ఉంటే దానితో ఎలా మాట్లాడాలి, దానికి మంచీ చెడూ ఎలా నేర్పాలి అన్నది.

"కుక్కకి చెవుడేమిటమ్మా, విడ్డూరం!" అనుకుంటున్నారేమో. మనుషుల్లో ఉన్నట్టే కుక్కల్లోనూ చెవుడు ఉంది. ఇప్పుడు పట్నాల్లో, అపార్ట్‌మెంట్లలో కూడా ముచ్చటపడి జాతి కుక్కపిల్లల్ని తెచ్చుకుంటున్నారు. అందులో ఏ ఒక్కదానికో చెవులు వినబడకపోతే ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తట్టదు. పిలిస్తే రాదు గనక మొండిదంటారు. చెప్పింది చెయ్యదు గనక మొద్దు అంటారు. ముందు కసురుతారు, తర్వాత కొడతారు, ఆ తర్వాత రోజంతా కట్టేసి ఉంచుతారు. ఒకనాడు అది నిద్రపోతూంటే పసివాడెవరో వెనకనుంచి వెళ్ళి మీద చెయ్యి వేస్తాడు. అది అదిరిపడి నోరు విదిలిస్తుంది. ఇంకేముంది, ఆ రాత్రే కారెక్కించి ఊరవతల వదిలేసి వస్తారు. చెవులున్న కుక్కకే పెద్ద రోడ్డుమీద ప్రాణం గట్టిది కాదు. లారీ హారను వినబడని కుక్క ఎన్నాళ్ళు బతుకుతుంది చెప్పండి? అంచేత ఈ విషయం తెలియడంలో ఒక మూగజీవి ప్రాణమూ, మన ఇంట్లో పిల్లల క్షేమమూ రెండూ ఉన్నాయి.

మా ఇంట్లో ఉన్న చుక్కి కథా అలా ముగియవలసిందే. తెల్లని ఒంటినిండా నల్లచుక్కలుండే డాల్మేషియన్ జాతి అది. మాకు రెండు వీధులవతల ఒకరు తెచ్చుకున్నారు. ఐదు నెలలు వచ్చేసరికి, "ఇది మాట వినదు, ఎవరొచ్చినా మొరగదు, ఎవరికైనా ఇచ్చేస్తాం, లేకపోతే వదిలేస్తాం" అన్నారు. మేము తెచ్చుకుని పశువుల డాక్టరుగారికి చూపిస్తే, రెండు చెవులూ వినబడవని తేల్చారు. ఇప్పుడు దానికి ఆరేళ్ళు. ఇంట్లో అందరికంటే మాట వినేది అదేనంటారు మా అత్తగారు. వినేది అన్న మాట నోట రాగానే తనే నవ్వేస్తారు.

ఈ జాతిలో చెవుడు ఎందుకొస్తుందో కాస్త చెప్పుకుందాం. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉంటుంది. దానికి రక్తం అందించే సన్నని పొర సరిగ్గా పనిచెయ్యాలంటే ఒంటికి రంగునిచ్చే కణాలే అక్కడా ఉండాలి. ఒళ్ళు తెల్లగా ఉండే కొన్ని జాతుల్లో ఆ కణాలు చెవిలోకి చేరవు. దానితో పుట్టిన 3, 4 వారాలకల్లా ఆ పొర చెడిపోయి, శబ్దాన్ని పట్టే సన్నని కణాలు చచ్చిపోతాయి. మళ్ళీ రావు. డాల్మేషియన్లు పుట్టినప్పుడు తెల్లగా ఉండి, రెండు వారాలు వచ్చేసరికి చుక్కలు పొడుస్తాయి. చెవిరంధ్రాలు తెరుచుకోవడమూ ఆ రోజుల్లోనే. చెవుడు మాత్రం కంటికి కనబడదు. అమెరికాలో లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ జార్జ్ స్ట్రెయిన్ అనే ఆయన వేలకొద్దీ కుక్కలను పరీక్షించి చూస్తే, అక్కడి డాల్మేషియన్లలో నూటికి 8 దాకా రెండు చెవులూ వినబడనివీ, 22 దాకా ఒక్క చెవే వినబడేవీ తేలాయి. బుల్ టెర్రియర్లలో, ఇంగ్లీష్ సెట్టర్లలో, తెల్లని బాక్సర్లలో కూడా ఈ చిక్కుంది.

డోడీ స్మిత్ అనే ఆవిడ 1956లో రాసిన నవల, దానిమీద 1961లో డిస్నీ వారు తీసిన బొమ్మల సినిమా ఈ చుక్కల కుక్కల్ని ఇంటింటికీ ముద్దుబిడ్డల్ని చేశాయి. అటుపక్క అమెరికాలో ఈ జాతి పెంపకందారుల సంఘమే చాలా కాలంపాటు, రెండు చెవులూ లేని పిల్లల్ని నొప్పి తెలియకుండా చంపేయడమే మంచిదని చెబుతూ వచ్చింది. అవి పెరిగి కరుస్తాయన్నది వారి భయం. ఈ భయం ఎంత నిజమో చూద్దామని ఇల్లినాయ్ స్టేట్ విశ్వవిద్యాలయం వారు 400కు పైగా కుక్కలను గురించి వాటి యజమానులను అడిగి, ఫలితాలను 2014లో ప్రకటించారు. చెవులో కళ్ళో లేని కుక్కలు తక్కినవాటికంటే ఎక్కువ కోపిష్టివని అందులో తేలలేదు. పైగా కోపమూ, ఉద్రేకమూ కాస్త తక్కువే కనబడ్డాయట. కాకపోతే అనవసరమైన వస్తువులు కొరకడం, నాకడం మాత్రం ఎక్కువట. ఆ మాట నిజమని మావారి చెప్పులు సాక్ష్యం చెబుతాయి.

మరి మీ ఇంట్లో కుక్కకి వినబడుతోందో లేదో ఎలా తెలుస్తుంది? అది నిద్రపోతున్నప్పుడు ఇంకో గదిలోంచి స్టీలు పళ్ళెంమీద గరిటెతో కొట్టి చూడండి. దగ్గరగా వెళ్ళి చప్పట్లు కొడితే లాభం లేదు. ఆ గాలికో, మీ నీడకో, నేల అదురుకో లేచి కూర్చుంటుంది, మీరేమో వినబడిందనుకుంటారు. కుక్కరు కూతకీ, కాలింగ్ బెల్లుకీ లేవకుండా, ఇంట్లో మనుషులు నడిచినప్పుడు మాత్రమే లేస్తోందంటే అనుమానించాలి. ఒక్క చెవి వినబడే కుక్క లేస్తుంది గాని, చప్పుడు ఏ పక్కనుంచి వచ్చిందో తెలియక నాలుగు దిక్కులూ చూస్తుంది. ఖాయంగా తేల్చడానికి బేర్ అనే పరీక్ష ఉంది. చెవిలో టిక్కుటిక్కుమనే చప్పుడు చేసి, మెదడు దానికి పలుకుతోందో లేదో తలమీద సన్నని తీగలు పెట్టి యంత్రంతో చూస్తారు. ఈ యంత్రం ప్రతి ఊళ్ళోనూ ఉండదు. పశువుల డాక్టరును అడిగితే దారి చెబుతారు. ఒకవేళ చెవిలో చీము వల్లనో, గుబిలి వల్లనో వినికిడి తగ్గి ఉంటే అది వైద్యానికి లొంగవచ్చు. అంతేగాని నూనెలో వెల్లుల్లి వేసి కాచి చెవిలో పొయ్యకండి. లోపలి పొర చిల్లిపడి ఉంటే ఉన్న వినికిడి కూడా పోతుంది.

ఇహ అసలు సంగతికి వద్దాం. చెవి లేని కుక్కకి నేర్పడం కష్టమని ఎవరైనా అంటే నమ్మకండి. కుక్క మనిషి చేతిని చదవడంలో పుట్టుకతోనే పండితురాలు. మనం వేలు పెట్టి చూపిస్తే, ఆ వేలు చూపించిన చోటికి వెళ్ళి తిండి వెదుక్కుంటుంది. చింపాంజీకి కూడా ఇది ఇంత సులువుగా రాదు. 1998లో బుడాపెస్టులో ఆడామ్ మిక్లోషీ, అమెరికాలో బ్రయన్ హేర్ ఎవరికి వారే ఈ విషయాన్ని పరీక్షలు చేసి రుజువు చేశారు. ఇటలీలో నేపుల్స్ విశ్వవిద్యాలయం వారు 2016లో ఇంకో తమాషా చేశారు. నోటితో ఒకటి చెప్పి, చేత్తో ఇంకొకటి చూపించారు. చెవులు చక్కగా వినబడే కుక్కలు కూడా చాలామట్టుకు చేతి మాటనే పాటించాయి. చూశారా! మనం "కూర్చో, కూర్చో" అని గొంతు చించుకుంటున్నప్పుడు కూడా కుక్క మన చేతినే చూస్తోందన్నమాట.

అంచేత ఈ పూట చెప్పే మాటల్లో ఒక్కటే గుర్తుంచుకుంటాననేవారు దీన్ని గుర్తుంచుకోండి. చెవిటి కుక్కకి మన చెయ్యే నోరు. ఆ చేత్తో ఎప్పుడూ కొట్టకూడదు. చెవులున్న కుక్కని ఒక దెబ్బ వేసినా, తర్వాత నోటితో బుజ్జగించి దగ్గరకు పిలవవచ్చు. దీన్ని ఏ చేత్తో కొట్టామో ఆ చేత్తోనే మళ్ళీ పిలవాలి. చెయ్యి లేచినప్పుడల్లా అది అన్నమా, దెబ్బా అని అనుమానం పడితే, మొహం పక్కకు తిప్పేసుకుంటుంది. మొహం తిప్పుకున్న చెవిటి కుక్కతో మాట్లాడటానికి ఇంకే దారీ లేదు. ఇంటికి వచ్చిన కొత్తలో చుక్కి మా చెయ్యి పైకి లేస్తే చాలు, కళ్ళు మూసుకుని నేలకి కరుచుకుపోయేది. ఆ కళ్ళు తెరిపించడానికి మాకు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ వేరే ఏమీ నేర్పలేదు. చెయ్యి చాచి, అరచేతిలో ఒక ఇడ్లీ ముక్కో, ఉడికించిన గుడ్డు ముక్కో పెట్టి ఊరుకునేవాళ్ళం.

మొట్టమొదటి పాఠం, మన వంక చూడటం. అది తనంతట తాను ఎప్పుడు మీ మొహంలోకి చూసినా, వెంటనే ఒక చిన్న ముక్క పెట్టండి. నాలుగు రోజుల్లో మాటిమాటికీ వెనక్కి తిరిగి, అమ్మ ఏం చేస్తోందో అని చూడటం మొదలుపెడుతుంది. ఇది పునాది. పెట్టే ముక్క శనగగింజంత చాలు. అన్నట్టు ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్షపళ్ళు, కిస్‌మిస్, చాక్లెట్టు కుక్కలకి విషంతో సమానం. పులిహోరలో పడ్డ ముక్కే కదా, పాయసంలో పడ్డ పండే కదా అని పెట్టకండి.

రెండో పాఠం, "భేష్" అని చెప్పే గుర్తు. ఐదువేళ్ళూ ఒక్కసారి విచ్చి మూయండి, ఆ వెంటనే ముక్క పెట్టండి. రోజుకి పదిహేనుసార్లు ఇలా చేస్తే, వేళ్ళు విచ్చుకోవడమంటే మంచిపని చేశానన్నమాట అని దానికి తెలిసిపోతుంది. తర్వాత నేర్పే ప్రతి పనిలోనూ అది సరిగ్గా చేసిన క్షణంలోనే ఆ వేళ్ళు విచ్చాలి.

ఇహ "కూర్చో". ముక్కని దాని ముక్కుకి దగ్గరగా పట్టుకుని మెల్లిగా తలమీదుగా వెనక్కి తీసుకెళ్ళండి. తల పైకెత్తితే వెనకభాగం దానంతటదే నేలకి ఆనుతుంది. వెంటనే వేళ్ళు విచ్చి, ముక్క పెట్టండి. నాలుగైదు రోజులయ్యాక ముక్క లేకుండా అరచెయ్యి పైకెత్తితే చాలు, కూర్చుంటుంది. "పడుకో"కి అరచెయ్యి నేలకేసి దించడం, "ఆగు"కి పోలీసు చెయ్యి చూపినట్టు అడ్డంపెట్టడం, "రా"కి చెయ్యంతా బారచాపి గుండెమీదికి తెచ్చుకోవడం, "వద్దు"కి చూపుడువేలు ఆడించడం, "అయిపోయింది"కి రెండు ఖాళీ చేతులూ చూపించడం. ఈ ఆరు గుర్తులతో ఇల్లు గడిచిపోతుంది. చుక్కికి ఇప్పుడు ఇరవై దాకా వచ్చు. దాని పేరు కూడా ఒక గుర్తే. బుగ్గమీద వేలితో రెండుసార్లు తట్టుకుంటే అది చుక్కి. మనం నోటితో పిలుచుకునే పేరు మన ముచ్చట కోసం.

కుక్క కళ్ళు కదలికని ఇట్టే పట్టేస్తాయి, పక్కచూపు కూడా మనకంటే ఎక్కువే. కాని ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా దానికి సరిగ్గా తెలియదు, సన్నని వివరం కనబడదు. అంచేత గుర్తులు పెద్దవిగా, స్పష్టంగా ఉండాలి. కిటికీకి వీపు పెట్టి నిలబడితే మీ చెయ్యి నీడలో కలిసిపోతుంది, వెలుగు మీమీద పడేటట్టు నిలబడండి. ఇంకో మాట. నోటితో కూడా మామూలుగా మాట్లాడుతూనే ఉండండి. మాట్లాడితేనే మన మొహంలోకి నవ్వూ, మురిపెమూ వస్తాయి. వాటిని చదవడం దానికి బాగా తెలుసు.

ఇంట్లో అందరూ ఒకే గుర్తు వాడాలన్నది చాలా ముఖ్యం. అత్తగారు అరచెయ్యి కిందికి పెట్టి వేళ్ళాడిస్తూ రమ్మంటారు, మావారు తొడమీద చరుస్తారు, పిల్లవాడు చిటికె వేస్తాడు. చిటికె వేస్తే దానికేం తెలుస్తుంది చెప్పండి! మేమందరం ఒక ఆదివారం కూర్చుని, ఏ మాటకి ఏ గుర్తో కాగితంమీద బొమ్మలు గీసి ఫ్రిజ్ తలుపుకి అంటించాం. పనమ్మాయి కూడా ఆ బొమ్మలు చూసే నేర్చుకుంది.

దూరంగా ఉన్నప్పుడు ఎలా పిలవాలి అని అడుగుతారు. ఇంగ్లీషు పుస్తకాలలో నేలమీద కాలితో గట్టిగా తట్టమని రాసి ఉంటుంది. అక్కడివి చెక్క నేలలు గనక ఆ అదురు కుక్క పాదాలకి తగులుతుంది. మన షాబాదు బండలూ, టైల్సూ కాలు నొప్పి పుట్టేదాకా తొక్కినా అదరవు. మాకు లైటే మేలయింది. పెరట్లో ఉన్నప్పుడు వరండా దీపం రెండుసార్లు వేసి ఆర్పితే, లోపలికి రమ్మని అర్థం. టార్చి వెలుగును మాత్రం నేలమీద పరుగెత్తించి ఆడించకండి. కొన్ని కుక్కలు ఆ వెలుగు వెంటపడి పిచ్చెత్తినట్టు అయిపోతాయి. సెల్‌ఫోను అదిరినట్టు మెల్లిగా అదిరే మెడపట్టీలు కూడా దొరుకుతున్నాయి. ఇజ్రాయెల్‌లో బెన్ గురియన్ విశ్వవిద్యాలయం వారు 2019లో అలాంటి అదురుతోనే పనిచేసే కోటు ఒకటి కుక్కకి తొడిగి, అదిరిన చోటునుబట్టి వేరువేరు పనులు చేయించారు. కొనేటప్పుడు అది కేవలం అదిరేదో, షాకు కొట్టేదో రెండుసార్లు అడిగి తెలుసుకోండి. షాకు కొట్టేదాన్ని ఇంట్లోకి రానివ్వకండి.

నిద్ర లేపడం గురించి పిల్లలున్న తల్లులు శ్రద్ధగా వినాలి. పడుకున్న చెవిటి కుక్కని ఉన్నట్టుండి ముట్టుకోకూడదు. ముందు మీ చెయ్యి దాని ముక్కుకి దగ్గరగా పెట్టండి, వాసన తగులుతుంది. తర్వాత భుజంమీద, ఎప్పుడూ ఒకే చోట, మెత్తగా తాకండి. కళ్ళు తెరవగానే నవ్వుతూ ముక్క పెట్టండి. ఇలా రోజూ చేస్తూంటే ఎవరైనా తాకారంటే తిండి వస్తుందన్నమాట అనుకుంటుందే గాని బెదరదు. అయినా దాని పడక గోడవారన, మనుషులు దాటుకుంటూ తిరగని చోట వెయ్యండి. చుట్టపుపిల్లలు వచ్చినప్పుడు, నిద్రపోయే కుక్క దగ్గరికి వెళ్ళకూడదన్న నియమం ముందే చెప్పండి. వినేవాళ్ళకి చెప్పడం సులువు కదా!

అలాగే మీరు బయటికి వెళ్ళేటప్పుడు దానికి చెప్పకుండా వెళ్ళకండి. తలుపు చప్పుడు వినబడదు గనక, లేచి చూసి మీరు లేకపోతే గదిగదీ తిరిగి వెతుక్కుంటుంది. చెప్పి వెళ్ళడమంటే ఒక్కసారి తాకి, చెయ్యి ఊపడమే. చుక్కి ఆ చెయ్యి చూసి, ఒక నిట్టూర్పు విడిచి, గుమ్మం దగ్గర పడుకుంటుంది.

రోడ్డుమీద మాత్రం పట్టు సడలకూడదు. ఎంత బాగా నేర్చుకున్నా సరే, వీధిలో పట్టీ వదలకండి. పిల్లి కనబడి పరుగెత్తిందా, వెనకనుంచి మీరు ఎంత అరిచినా శంఖమే. వీధికుక్క గుర్రుమన్నా దీనికి వినబడదు, అంచేత ఆ పని మీ కళ్ళు చెయ్యాలి. మెడపట్టీకి మీ ఫోను నంబరు, "నాకు చెవులు వినబడవు" అన్న మాట రాసిన బిళ్ళ తగిలించండి. ఒక చిరుమువ్వ కూడా కట్టండి. ఆ మువ్వ దానికి వినబడటానికి కాదు, అది ఎక్కడుందో మీకు తెలియడానికి. గేటు గడియ వేశారా లేదా అని రెండోసారి చూసుకోవడం అలవాటు చేసుకోండి. ఇన్ని జాగ్రత్తలకీ ఒక లాభం లేకపోలేదండోయ్. దీపావళినాడు వీధి కుక్కలన్నీ మంచాల కింద, కార్ల కింద దూరి వణికిపోతూంటే, మా చుక్కి వరండాలో హాయిగా గుర్రు పెడుతుంది.

చెవిటి కుక్కపిల్లను పెంచుకోండి గాని, దానికి పిల్లల్ని పెట్టించకండి. ఈ చెవుడు వంశంలో వచ్చేది. వయస్సు రాగానే డాక్టరుగారిచేత ఆపరేషను చేయించండి. జాతి కుక్కని కొనేవారు, తల్లికీ తండ్రికీ చెవులు వినబడతాయా అని అడిగి మరీ కొనండి. అలా అడిగేవాళ్ళు పదిమంది ఉంటే అమ్మేవారికీ జాగ్రత్త వస్తుంది.

ఇదంతా మాకెందుకు, మా కుక్కకి చెవులు శుభ్రంగా ఉన్నాయి అంటారేమో. మీకూ ఉంది పని. కుక్కలకి ముసలితనంలో చెవులు మందగించడం మామూలే. పదేళ్ళు మీ గొంతుకి అలవాటుపడ్డ జీవికి ఒకనాడు ఆ గొంతు వినబడకుండా పోతుంది. మీరెందుకు పిలవడం మానేశారో దానికి తెలియదు. ఈ ఆరు గుర్తులూ ఇప్పటినుంచే నోటిమాటతోపాటు నేర్పి ఉంచారనుకోండి, ఆ రోజున మీ మాట దానికి కళ్ళద్వారా అందుతూనే ఉంటుంది. ఇవాళ సాయంత్రం అన్నం పెట్టేముందు ఒక్కసారి నోరు మూసుకుని, అరచెయ్యి పైకెత్తి చూడండి. మీ కుక్క ఎంతకాలంగా మీ చేతిని గమనిస్తోందో మీకే తెలుస్తుంది.